పూర్తికాల సేవకు ముందు థియాలజీలో మాస్టర్స్ చేయాలా?

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్నది ఇలా: డిగ్రీ అయింది, ఉద్యోగం చేస్తున్నారు, సంఘంలో యౌవనస్థుల పరిచర్య చూసుకుంటూ అప్పుడప్పుడు వాక్యం చెబుతున్నారు. పూర్తికాల సేవకు పిలుపు ఉందని మీకూ మీ పాస్టర్ గారికీ అనిపిస్తోంది. ఇప్పుడు థియాలజీలో మాస్టర్స్ చేయాలా వద్దా, చేస్తే ఎం.డివ్. మంచిదా ఎం.ఏ. మంచిదా, గ్రీకు, హెబ్రీ అవసరమా, ఆన్‌లైన్‌లో చేస్తే సరిపోతుందా అని అడిగారు. అన్నిటికన్నా ఎక్కువగా మిమ్మల్ని బాధపెడుతున్నది సెమినరీకి, అంటే దైవశాస్త్ర కళాశాలకు, వెళ్తే ఉన్న విశ్వాసం కూడా పోతుందని కొందరు పెద్దలు అంటున్న మాట. నేను చాలా ఏళ్ళు కాపరిగా ఉండి, తర్వాత సెమినరీలో పాఠాలు చెప్పేవాడినయ్యాను. రెండు చోట్లా చూసినదాన్ని బట్టి రాస్తున్నాను.

చేయండి బ్రదర్. వీలుంటే తప్పకుండా చేయండి. అయితే ఒక మాట మనసులో పెట్టుకుని చేయండి: ఈ చదువు రేపు మీ మాట వినబోయేవాళ్ళ కోసం. మీరు అడిగిన ప్రశ్నలన్నిటికీ జవాబు అక్కడి నుంచే వస్తుంది. ఏ డిగ్రీ, ఏ భాషలు, ఎక్కడ, ఎలా అనేవన్నీ మీ సంతృప్తిని బట్టి తేల్చుకుంటే ఒకలా తేలతాయి, మీ ఎదుట కూర్చునే మనుషులను బట్టి తేల్చుకుంటే మరోలా తేలతాయి.

"పేతురు, యోహాను ఏ సెమినరీలో చదివారు?" అని మిమ్మల్ని ఎవరో ఒకరు అడుగుతారు. అపొస్తలుల కార్యములు 4:13లో వాళ్ళు విద్యలేనివాళ్ళని రాసి ఉంది, నిజమే. అదే వచనం వాళ్ళు యేసుతో కూడ ఉన్నవాళ్ళని కూడా చెబుతుంది. పగలూ రాత్రీ గురువు వెంట నడుస్తూ నేర్చుకున్నవాళ్ళు వాళ్ళు. పౌలు గమలియేలు దగ్గర ధర్మశాస్త్రం చదువుకున్నవాడు. చివరి రోజుల్లో చెరలో ఉండి కూడా పుస్తకాలు, ముఖ్యంగా చర్మపు కాగితాలు తెమ్మని తిమోతికి కబురు పంపాడు. అపొల్లో సంగతి నాకు ఇంకా ఇష్టం. లేఖనాల్లో ప్రవీణుడు, మంచి వక్త. అయినా అకుల, ప్రిస్కిల్ల అతన్ని పక్కకు పిలిచి దేవుని మార్గాన్ని ఇంకా బాగా వివరించారు. అతను చిన్నతనంగా భావించలేదు, నేర్చుకున్నాడు.

క్రీ.శ. 391లో ఉత్తర ఆఫ్రికాలోని హిప్పో పట్టణంలో జనం అగస్టీన్‌ను పట్టుకుని దాదాపు బలవంతంగా సంఘ పెద్దగా చేశారు. అప్పటికే ఆయన పేరున్న పండితుడు, అలంకారశాస్త్రం బోధించినవాడు. అలాంటి మనిషి తన బిషప్పుకు ఉత్తరం రాసి, లేఖనాలు చదువుకోవడానికి ఈస్టర్ వరకు గడువు ఇవ్వమని వేడుకున్నాడు. తెలివితేటలు లేక అడగలేదు. ఇతరుల ఆత్మలకు జవాబు చెప్పాల్సిన పని తన మీద పడిందని అర్థమై అడిగాడు. సెమినరీలో చేరేవాళ్ళకు ఆ భయం కొంచెమైనా ఉండాలని నేను కోరుకుంటాను.

ఇక డిగ్రీల సంగతి. సంఘ కాపరి కావాలనుకునేవాళ్ళ కోసం తయారైనది ఎం.డివ్., అంటే మాస్టర్ ఆఫ్ డివినిటీ. ఏ సబ్జెక్టులో డిగ్రీ ఉన్నా చేరవచ్చు, సాధారణంగా మూడేళ్ళు పడుతుంది. ఇదే తరహా చదువును కొన్ని దేశాల్లో బి.డి. (బ్యాచిలర్ ఆఫ్ డివినిటీ) అంటారు, అమెరికాలో కూడా ఒకప్పుడు ఆ పేరే ఉండేది. అందులో పాత నిబంధన, కొత్త నిబంధన, సంఘ చరిత్ర, సిద్ధాంతం, నీతిశాస్త్రం, ప్రసంగం, కౌన్సెలింగ్ అన్నీ ఉంటాయి, సంఘంలోనో ఆసుపత్రిలోనో పర్యవేక్షణ కింద పనిచేయడం కూడా ఉంటుంది. ఎం.ఏ. తక్కువ కాలంలో అయిపోతుంది, ఒకటి రెండు విభాగాల మీదే దృష్టి పెడుతుంది. ఉద్యోగం చేసుకుంటూ సంఘంలో బోధించాలనుకునేవాళ్ళకు అది చాలు. ఎం.టీహెచ్. (మాస్టర్ ఆఫ్ థియాలజీ) అనేది ఎం.డివ్. తర్వాత చేసేది. డి.మిన్. (డాక్టర్ ఆఫ్ మినిస్ట్రీ) కొన్నేళ్ళు సేవ చేసినవాళ్ళకు, పీహెచ్‌డీ బోధన, పరిశోధన వైపు వెళ్ళేవాళ్ళకు. మీరు కాపరి కావాలనుకుంటున్నారు కాబట్టి ఎం.డివ్. చేయండి. త్వరగా అయిపోతుందని ఎం.ఏ.లో చేరి, తర్వాత అభిషేకానికి అది చాలదని తెలిసి మళ్ళీ మొదటి నుంచి చదివినవాళ్ళను చూశాను.

అందుకే అప్లికేషన్ నింపకముందే మీ సంఘ శాఖ పెద్దలను అడగండి: అభిషేకానికి ఏ డిగ్రీ కావాలి, ఏ సెమినరీల డిగ్రీని ఒప్పుకుంటారు, చదువు తర్వాత ఎన్నేళ్ళు పరీక్షాకాలం ఉంటుంది అని. ఒక్కో శాఖది ఒక్కో పద్ధతి. రోమన్ కాథలిక్ సంఘంలో గురువు (ప్రీస్టు) కావడానికి తత్త్వశాస్త్రం, దైవశాస్త్రం కలిపి ఆరేళ్ళ చదువు ఉండాలని ఆ సంఘ చట్టమే ఉంది. కొన్ని స్వతంత్ర సంఘాలు ఏ డిగ్రీనీ అడగవు. మీ శాఖ ఏమీ అడగకపోయినా సరే, గుర్తింపు ఉన్న చోటే చదవండి. మన దేశంలో శ్రీరాంపూర్ సెనేట్, ఆసియాలో ఏషియా థియలాజికల్ అసోసియేషన్, ఉత్తర అమెరికాలో ఏటీఎస్ (అసోసియేషన్ ఆఫ్ థియలాజికల్ స్కూల్స్) వంటి సంస్థలు సెమినరీలను పరిశీలించి గుర్తింపు ఇస్తాయి. ఏటీఎస్ లెక్కలో ఎం.డివ్.కు కనీసం 72 సెమిస్టర్ క్రెడిట్లు ఉండాలి. ఇది మీకు ఒక కొలబద్దగా పనికొస్తుంది. ఆరు నెలల్లో ఎం.డివ్., ఫీజు కట్టగానే డాక్టరేట్ అనే ప్రకటన కనిపిస్తే అటువైపు చూడకండి. సత్యం ప్రకటించాల్సిన మనిషి పేరు ముందు సంపాదించని బిరుదు ఉండటం నాకు చాలా బాధ కలిగిస్తుంది. సంఘం అమాయకంగా ఆ బిరుదును నమ్ముతుంది.

గ్రీకు, హెబ్రీ గురించి విద్యార్థులకు ఉండే టెన్షన్ నాకు తెలుసు. నిజానికి అది అనుకున్నంత కష్టం కాదు. కొత్త నిబంధన గ్రీకులో దాదాపు 5,400 వేర్వేరు పదాలున్నాయి. వాటిలో యాభై సార్లు, అంతకన్నా ఎక్కువ సార్లు వచ్చేవి మూడు వందల పైచిలుకు మాత్రమే. అవి వచ్చేస్తే పుస్తకంలో కనబడే పదాల్లో సుమారు 80 శాతం మీకు తెలిసినవే అవుతాయి. హెబ్రీ మొదట్లో భయపెడుతుంది, కుడి నుంచి ఎడమకు చదవాలి, క్రియారూపాలు విసిగిస్తాయి. కానీ పదసంపద ఒకసారి పట్టుబడ్డాక కథాభాగాలు, రూతు, యోనా లాంటివి, ఆశ్చర్యపడేంత త్వరగా చదవగలుగుతారు. పాత నిబంధనలో దానియేలు, ఎజ్రా గ్రంథాల్లో కొన్ని అధ్యాయాలు అరామిక్‌లో ఉన్నాయి, వాటి గురించి ఇప్పుడే ఆలోచించకండి.

భాషలు నేర్చుకుంటే రహస్య అర్థాలు బయటపడతాయని ఆశపడవద్దు. మన చేతుల్లో ఉన్న అనువాదాలు తప్పులని సంఘంలో ప్రకటించడానికి భాషలను వాడేవాళ్ళంటే నాకు కోపం. వినేవాళ్ళకు తమ బైబిలు మీద నమ్మకం పోవడం తప్ప దానివల్ల ఒరిగేది లేదు. భాషల అసలు ఉపయోగం వేరు. అవి మిమ్మల్ని నెమ్మదిగా చదివిస్తాయి. వాక్యం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తోంది, ఏ మాట దేని మీద ఆధారపడింది అని చూడక తప్పదు. చిన్నప్పటి నుంచి కంఠతా వచ్చిన వచనాన్ని కూడా మొదటిసారి చదువుతున్నట్టు చదువుతారు. మంచి వ్యాఖ్యానాలు దేని గురించి వాదిస్తున్నాయో అర్థమవుతుంది. ఎవరో వేదిక మీద "మూలభాషలో దీని అర్థం ఇదీ" అని గట్టిగా అన్నప్పుడు, అది నిజమో కాదో మీ సంఘానికి చెప్పగలుగుతారు. అయితే ఒక హెచ్చరిక. పట్టా చేతికి వచ్చాక చాలామంది గ్రీకు పుస్తకం మూసేస్తారు, రెండేళ్ళలో అంతా పోతుంది. రోజూ పావుగంట, నాలుగైదు వచనాలు, జీవితాంతం చదువుతానని ఇప్పుడే నిర్ణయించుకోండి. అలా నిర్ణయించుకోలేకపోతే భాషల మీద పడిన శ్రమలో సగం వృథా.

సంఘ చరిత్ర విషయంలో విద్యార్థులు ఎక్కువ నిర్లక్ష్యంగా ఉంటారు. తేదీలు, పేర్లు, సభలు, ఇవన్నీ ఎందుకంటారు. ఒక ఉదాహరణ చెబుతాను. ఒక కాపరి పాపంలో పడ్డాడని బయటపడింది. సంఘం కూలిపోయినంత పనైంది. ఒక చెల్లి వచ్చి ఏడుస్తూ అడిగింది, "ఆయన చేతుల మీద నేను బాప్తిస్మం తీసుకున్నాను, అది చెల్లుతుందా, మళ్ళీ తీసుకోవాలా?" అని. ఆ ప్రశ్న కొత్తది కాదు. 303లో మొదలైన హింసలో కొందరు బిషప్పులు భయపడి లేఖనాల ప్రతులను అధికారులకు అప్పగించారు. అలాంటివాళ్ళు ఇచ్చిన అభిషేకాలు, వాళ్ళ వరుసలో వచ్చినవాళ్ళు ఇచ్చిన బాప్తిస్మాలు చెల్లవని డోనటిస్టులు అన్నారు. ఉత్తర ఆఫ్రికా సంఘం వందేళ్ళకు పైగా రెండుగా చీలిపోయింది. 411లో కార్తేజ్‌లో రెండు పక్షాల బిషప్పులు వందల సంఖ్యలో చేరి వాదించుకున్నారు. బాప్తిస్మం ఇచ్చేది క్రీస్తు, ఇచ్చే చెయ్యి ఎవరిదైనా అది క్రీస్తుదేనని అగస్టీన్ వాదించాడు. ఈ వాదనంతా చదివి, తనదిగా చేసుకున్న కాపరి ఆ చెల్లికి ఐదు నిమిషాల్లో ధైర్యం చెప్పగలడు. చదవని కాపరి కంగారుపడి మళ్ళీ బాప్తిస్మం ఇచ్చేస్తాడు, ఆమె మనసులో సందేహం మాత్రం అలాగే ఉండిపోతుంది.

యేసు సృష్టించబడినవాడని చెప్పేవాళ్ళు మీ యౌవనస్థుల దగ్గరికి వస్తారు, ఇప్పటికే వచ్చి ఉంటారు. 325లో నైసియాలో బిషప్పుల సభ జరిగింది ఆ వాదం మీదే. ఆ వాదం చేసిన అరియస్ చూపించిన వచనాలు ఏమిటి, అతన్ని ఎదిరించిన అతనాసియస్ వాటిని ఎలా చదివాడు అన్నది తెలిసినవాడు ఆ పిల్లలతో శాంతంగా కూర్చుని మాట్లాడగలడు. తెలియనివాడు గొంతు పెంచుతాడు.

ఇప్పుడు అసలు భయం దగ్గరికి వద్దాం. సెమినరీలో విశ్వాసం పోతుందా? కొందరికి పోయింది, దాచాల్సిన పని లేదు. ఎలా పోతుందో కూడా చూశాను. మార్కు సువార్త 16:9 నుంచి 20 వరకు ఉన్న భాగం సైనాయ్, వాటికన్ అనే చాలా పాత చేతిరాత ప్రతుల్లో లేదని మొదటి ఏడాదిలోనే చెబుతారు. వ్యభిచారంలో పట్టుబడిన స్త్రీ కథ యోహాను సువార్త అతి పాత ప్రతుల్లో కనబడదని చెబుతారు. పంచకాండాలు, అంటే బైబిలు మొదటి ఐదు పుస్తకాలు, ఎలా ఏర్పడ్డాయన్న దాని మీద రకరకాల సిద్ధాంతాలు వినిపిస్తారు. ఇవన్నీ ఒక్కసారిగా మీద పడితే కళ్ళు తిరుగుతాయి. సంఘంలో ఎవరూ చెప్పలేదేమిటి, ఇంకా ఏమేం దాచారు అనిపిస్తుంది.

దాచినది ఏమీ లేదు. ఇంగ్లిషులోనూ ఇతర భాషల్లోనూ చాలా ఆధునిక అనువాదాల్లో ఆ భాగాల దగ్గర బ్రాకెట్లు, కింద ఫుట్‌నోట్లు అచ్చువేసి ఉంటాయి, మనం చూడకుండా దాటిపోయాం అంతే. చేతిరాత ప్రతుల మధ్య తేడాలు మనకు తెలియడానికి కారణమే ప్రతులు వేల సంఖ్యలో మిగలడం. వాటిని పోల్చి చూసే పని శతాబ్దాలుగా విశ్వాసులే ఎక్కువగా చేశారు. ప్రొఫెసర్ చెప్పే ప్రతి సిద్ధాంతాన్నీ మీరు నమ్మాల్సిన పని లేదు, దాన్ని న్యాయంగా అర్థం చేసుకోవాలి, దాని ఆధారాలు అడగాలి, దానికి వచ్చిన జవాబులు చదవాలి. ఇరవై ఏళ్ళ క్రితం అందరూ ఒప్పుకున్న సిద్ధాంతం ఇప్పుడు వాళ్ళలోనే చాలామంది వదిలేసిన సందర్భాలు మీకు చాలా కనబడతాయి.

నేను చూసినంతలో విశ్వాసం పోగొట్టుకున్నవాళ్ళు ఈ ప్రశ్నల వల్ల పోగొట్టుకోవడం అరుదు. అప్పటికి చాలాముందే వాళ్ళ ప్రార్థన ఆగిపోయింది. బైబిలు తెరిస్తే అసైన్‌మెంట్ కోసమే తెరిచేవారు. ఆదివారం నిద్రపోయేవారు, లేకపోతే ప్రసంగంలో తప్పులు వెతుకుతూ కూర్చునేవారు. సందేహం వస్తే చెప్పుకోవడానికి ఒక్క మనిషి కూడా లేడు. ఒంటరిగా మోసిన సందేహం రోజురోజుకూ బరువెక్కుతుంది. హిట్లర్‌ను ఎదిరించిన కాపరి బాన్‌హోఫర్ 1935లో జర్మనీలో మొదలుపెట్టి నడిపిన సెమినరీలో విద్యార్థులు ప్రతి ఉదయం అరగంట ఒకే చిన్న వాక్యభాగం మీద మౌనంగా ధ్యానం చేయాలి, అది ప్రసంగం కోసం కాదు, పరీక్ష కోసం కాదు. మొదట్లో విద్యార్థులకు అది కష్టంగా తోచింది. 1937లో హిట్లర్ రహస్య పోలీసు దళం గెస్టాపో ఆ సెమినరీని మూసేసింది, అక్కడ చదివినవాళ్ళలో చాలామంది జైళ్ళకు, యుద్ధానికి వెళ్ళారు. అలాంటి చోట నిలబడటానికి ఏది అవసరమో ఆయనకు ముందే తెలుసు.

కాబట్టి మీరు చేరేముందే ఇద్దరు మనుషులను ఎంచుకోండి. ఒకరు మీ సంఘంలో ప్రార్థనాపరులైన పెద్దావిడో పెద్దాయనో, చదువు లేకపోయినా పరవాలేదు. ఇంకొకరు సెమినరీ చదివి, ఆ ప్రశ్నలన్నీ దాటి, ఇంకా సంతోషంగా సేవ చేస్తున్న కాపరి. నెలకు ఒకసారైనా ఇద్దరితోనూ మాట్లాడండి. మరో విషయం, ఇది గట్టిగా చెబుతున్నాను. సోమవారం క్లాసులో విన్న సగమే అర్థమైన సిద్ధాంతాన్ని ఆదివారం వేదిక మీద చెప్పకండి. మీకు జవాబు దొరకడానికి రెండేళ్ళు పట్టవచ్చు, ఆ రెండేళ్ళూ వినేవాళ్ళను ఆ అయోమయంలో ఉంచే హక్కు మనకు లేదు. బోధకులకు మరింత కఠినమైన తీర్పు ఉంటుందని యాకోబు రాసింది ఊరికే కాదు.

చదువు మొత్తంలో నేను అన్నిటికన్నా గట్టిగా సిఫారసు చేసేది ఆసుపత్రిలో చేసే పరిచర్య శిక్షణ. దాన్ని సీపీఈ (క్లినికల్ పాస్టరల్ ఎడ్యుకేషన్) అంటారు. 1925లో అమెరికాలో వూస్టర్ పట్టణంలోని మానసిక ఆసుపత్రిలో ఆంటన్ బోయిసెన్ అనే చాప్లిన్ (ఆసుపత్రిలో సేవ చేసే కాపరి) కొందరు సెమినరీ విద్యార్థులను రోగుల మధ్యకు తీసుకెళ్ళి దీన్ని మొదలుపెట్టాడు. ఆయన అంతకుముందు తనే మానసిక రోగిగా ఆసుపత్రిలో ఉన్నవాడు. పుస్తకాలు చదివినట్టే బాధపడే మనిషిని కూడా శ్రద్ధగా చదవాలని ఆయన పట్టుబట్టాడు. ఇప్పుడు ఒక యూనిట్ అంటే కనీసం 400 గంటలు. రోగిని కలిసి వచ్చాక జరిగిన సంభాషణను గుర్తున్నంతవరకు మాటకు మాట రాయాలి, తోటి విద్యార్థుల ముందు చదవాలి, వాళ్ళు అడిగిన ప్రశ్నలకు జవాబు చెప్పాలి.

నా దగ్గర చదివిన ఒక విద్యార్థి, ప్రసంగాల్లో మొదటివాడు, బిడ్డను పోగొట్టుకున్న తల్లిని చూసి వచ్చి ఆ సంభాషణ రాశాడు. కాగితం మీద చూస్తే ఆమె మాటలు రెండే ఉన్నాయి. మిగతాదంతా అతనిదే. అన్నీ మేలుకే జరుగుతాయనే రోమా 8:28 చెప్పాడు, దేవుని చిత్తం అన్నాడు, ప్రార్థన చేశాడు, వచ్చేశాడు. చదువుతూ చదువుతూ మధ్యలో అతనే ఆగిపోయాడు. ఆ మరుసటి వారం మళ్ళీ వెళ్ళి ఆమె పక్కన కూర్చున్నాడు, ఎక్కువగా విన్నాడు. ఆమె అడిగితే 88వ కీర్తన చదివాడు. మొదటి నుంచి చివరి దాకా ఒక్క వెలుగు రేఖ కూడా లేని కీర్తన అది, చీకటి అనే మాట దగ్గరే ముగుస్తుంది. ఆమెకు ఓదార్పునిచ్చింది అదేనని తర్వాత చెప్పిందట. కీర్తనల్లో విలాపాలు ఎన్ని ఉన్నాయో అతను క్లాసులో నేర్చుకున్నాడు. అవి ఎందుకున్నాయో ఆ గదిలో నేర్చుకున్నాడు. మీరు చూస్తున్న సెమినరీలో ఇలాంటి శిక్షణ ఉందో లేదో తప్పకుండా కనుక్కోండి. లేకపోతే మీరే విడిగా ఏర్పాటు చేసుకోండి.

ఆన్‌లైన్ సంగతి. చరిత్ర, సిద్ధాంతం, భాషలు ఆన్‌లైన్‌లో బాగానే నేర్చుకోవచ్చు, ఈ మధ్య మంచి సెమినరీలు కూడా అలా చెబుతున్నాయి. ఉద్యోగం, కుటుంబం, సొంత సంఘం వదలకుండా చదవడంలో లాభం కూడా ఉంది, చదివింది ఆ వారమే అక్కడ పరీక్షకు వస్తుంది. కానీ మీతో ఏకీభవించనివాళ్ళతో ఒకే భోజనశాలలో మూడేళ్ళు తినడం, ప్రొఫెసర్ చాపెల్‌లో ప్రార్థిస్తుంటే పక్కన నిలబడటం, అర్ధరాత్రి వరకు వాదించుకుని ఉదయం కలిసి ప్రార్థించడం స్క్రీన్ మీద రావు. కుదిరితే కనీసం ఒక ఏడాది అక్కడే ఉండి చదవండి. కుదరకపోతే ఆన్‌లైన్‌లోనే చేయండి, కాకపోతే మీ పాస్టర్ గారిని ప్రతి వారం ఒక గంట అడిగి, చదివినదాన్ని ఆయనతో చర్చించండి.

డబ్బు గురించి ఒకే మాట. పెద్ద అప్పు చేసి చదవకండి. అప్పు ఉన్నవాడు పిలుపు ఎటున్నా జీతం ఎక్కడ ఎక్కువో అటే చూడాల్సి వస్తుంది. స్కాలర్‌షిప్‌లు అడగండి, సంఘాన్ని అడగడానికి సిగ్గుపడకండి. సంఘం పంపి, సంఘం భరించి, సంఘం ప్రార్థించిన విద్యార్థికి తను ఎవరి కోసం చదువుతున్నాడో మర్చిపోవడం కష్టం.

పెళ్ళయి ఉంటే మీ భార్య ఇష్టపడేవరకు అప్లికేషన్ పంపకండి. ఆమె ఒప్పుకోవడం వేరు, ఇష్టపడటం వేరు. ఆ మూడేళ్ళ భారం ఆమె మీదా అంతే ఉంటుంది. అవసరమైతే ఒక ఏడాది ఆగండి. ఆ ఏడాదిలో గ్రీకు అక్షరాలు, మొదటి వంద పదాలు నేర్చుకోండి, బైబిలు మొత్తం ఒకసారి ఆదికాండము నుంచి ప్రకటన వరకు వరుసగా చదవండి. సెమినరీలో చేరేవాళ్ళలో బైబిలు పూర్తిగా ఒక్కసారి కూడా చదవనివాళ్ళు మీరు అనుకున్నదానికన్నా ఎక్కువమంది ఉంటారు. సెమినరీలో దాని గురించి చదవడానికే సమయం సరిపోతుంది, దాన్ని చదివే సమయం మీరు ముందే తీసుకోవాలి. చూస్తున్న సెమినరీకి వెళ్ళి ఒక రోజు క్లాసులో కూర్చోనివ్వమని అడగండి, బోధించేవాళ్ళలో ఎంతమంది ఏదో ఒక సంఘంలో ఇప్పటికీ సేవ చేస్తున్నారో అడగండి, ఐదేళ్ళ క్రితం అక్కడ చదివి ఇప్పుడు చిన్న సంఘాల్లో ఉన్నవాళ్ళ ఫోన్ నంబర్లు అడిగి వాళ్ళతో మాట్లాడండి. మీది ఏ సంఘ శాఖో, ఏ రెండు మూడు సెమినరీలు చూస్తున్నారో రాస్తే, వాటి కోర్సుల పట్టిక పక్కపక్కన పెట్టి చూసి ఏది మీకు సరిపోతుందో చెబుతాను.